తాడు పట్టేవాడు

కొండచరియకు వేలాడుతూ తేనె తీసే బయన్న, తన నారతాడుకు పీచులు లేచిపోయాయని, కొత్తది ఇప్పించమని దొరను అడిగాడు.

"ప్రాణం నీది. తాడూ నువ్వే తెచ్చుకో," అన్నాడు దొర. "ఎల్లుండి రాజుగారి అభిషేకానికి తేనె అందకపోతే నా ఊళ్లన్నీ లాగేసుకుంటారు. రేపే దిగు."

"దిగుతా దొరా. పైన తాడు మాత్రం మీరే పట్టుకోవాలి."

"నేనా? నౌకర్లు లేరా?"

"నేను జారితే వాళ్లకేం పోతుంది? మాలో బావమరిదే పట్టుకుంటాడు. వదిలితే తన అక్క బతుకు పాడవుతుందని వాడికి భయం. మా ఆవిడ పోయాక వాడూ రావడం మానేశాడు. ఇప్పుడు నేను పోతే నష్టపోయేది మీరొక్కరే."

గత్యంతరం లేక దొర కొండెక్కాడు. తాడు చేతిలోకి తీసుకుని చూస్తే సగం పీచులు తెగి ఉన్నాయి. తన ఊళ్లన్నీ దానికే వేలాడుతున్నట్టు అనిపించింది.

"ఆగరా! కొత్త తాడు తెప్పిస్తా. తేనెటీగలు కుట్టకుండా గొంగళి కూడా!"

కొత్త తాడుతో బయన్న దిగాడు. పైనుంచి దొర మాటిమాటికీ అరుస్తున్నాడు: "ఒరే, బాగానే ఉన్నావా?"

బయన్న బదులివ్వలేదు. ఆ మాట తనను ఎవరైనా అడిగి చాలా కాలమైంది. ఇంకోసారి అడుగుతాడేమోనని ఊరుకున్నాడు.