గొల్లమిట్టకు నీళ్లొచ్చిన వార్త

పరాంకుశం గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. నలభై ఏళ్లు విలేకరిగా పనిచేసి రిటైరైన మనిషి. పత్రికల్లో కొత్తగా చేరినవాళ్లు ఏదో ఒక సందేహంతో ఆయన ఇంటికి వెళితే, "పద" అని ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతారు. మోకాళ్లు అరిగాయి గానీ ఆ అలవాటు మాత్రం అరగలేదు.

ఆ రోజు వెళ్లింది అంజని. క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోతున్న కూలీల గురించి ఆమె ఏడాదిలో ఏడు వార్తలు రాసింది. ఏడోది అచ్చయిన రోజునే ఇంకో మనిషి పోయాడు. ఒక్క అధికారి కదిలితే ఒట్టు. రాజీనామా కాగితం సంచిలో పెట్టుకునే వచ్చింది. "మనం రాసేది పైవాళ్లు ఎప్పుడైనా నమ్ముతారా మాస్టారూ? నమ్మరంటే చెప్పండి, ఇవాళే మానేస్తాను," అంది.

ఆయన చెప్పులేసుకున్నారు.

బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే గొల్లమిట్ట. ఎక్కడ బోరు వేసినా ఫ్లోరైడు నీళ్లే పడే ఊరు. ముప్పై ఏళ్లకే నడుములు వంగిపోయిన మనుషులు అరుగుల మీద కనిపించారు. బస్సులో ఉన్నంతసేపూ కబుర్లతో నవ్వించిన మాస్టారు ఊళ్లోకి రాగానే ఆమె వెనక్కి తగ్గి నడవసాగారు. అంజనికి ఎందుకో భయం వేసింది.

వచ్చింది పేపరువాళ్లని తెలియగానే కోటమ్మ అనే ముసలావిడ కాగితాల కట్ట పట్టుకొచ్చింది. మంచినీళ్ల కోసం పదకొండేళ్లుగా ఊరు పెట్టుకున్న అర్జీలవి. అన్నిటికీ ఒకటే జవాబు: మీ ఊరి సమస్య పరిష్కారమైంది, ఆధారం జతచేశాం. ఆధారమంటే ఒక పేపరు వార్త నకలు. గొల్లమిట్టలో మంత్రి కుళాయి తిప్పారనీ, నీళ్లు ఉరికాయనీ, ఆడవాళ్లు ఆనందంతో హారతులు పట్టారనీ అందులో ఉంది.

"మంత్రీ రాలే, నీళ్లూ రాలే," అంది కోటమ్మ. "మేం పట్టని హారతి గూడా కండ్లారా చూసినట్టు రాసినాడు తల్లీ. చచ్చేలోగా ఆ మారాజు మొగం ఒక్కసారి చూడాలని ఉండాది."

"నేనేనమ్మా," అన్నారు పరాంకుశం గారు.

ఆయన తలవంచుకుని చెప్పుకుపోయారు. జిల్లా వార్తల పేజీ సాయంత్రం నాలుగింటికే పూర్తిచేసి అచ్చుకు పంపేస్తారు. మంత్రి వచ్చేదేమో ఐదింటికి. అలాంటప్పుడు ఆహ్వానపత్రం చూసి, ఇంజనీరును ఓ మాట అడిగి, సభ అయిపోయినట్టే రాసి పంపడం విలేకరులందరికీ అలవాటు. ఆయనా అలాగే పంపారు. హారతులు ఆయన సొంత కవిత్వం. తీరా చూస్తే మంత్రి దారిలోంచే వెనక్కి తిరిగిపోయాడు, పైపులు అసలు ఊరిదాకా రానేలేదు. మర్నాడు మార్కెట్ ధరల కింద మూడు లైన్ల సవరణ వేయించారు. దాన్ని ఏ ఆఫీసూ కత్తిరించి దాచుకోలేదు. అర్జీల సంగతి ఆయన చెవిన పడుతూనే ఉంది. ఈ ఊళ్లో కాలుపెట్టే ధైర్యం మాత్రం పదకొండేళ్లకు గానీ రాలేదు.

కోటమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన్ని ఎగాదిగా చూసి, అంజని వైపు చెయ్యి చూపించి, "ఈ పాపకి గూడా నువ్వే నేర్పతుండావా సామీ?" అంది. లోపల మంచం మీద ఆమె కొడుకు లేవలేక మూలిగాడు. ఆమె కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బస్సు కోసం రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డారు. ఆయన మీద కోపమో జాలో అంజనికే తెలియలేదు. చివరికి ఉండబట్టలేక, "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు మాస్టారూ," అంది.

ఆయన ఆమె వైపు చూడలేదు.

"నలభై ఏళ్లు నిజాలే రాశానమ్మాయ్. పైవాళ్లు అక్షరం పొల్లుపోకుండా నమ్మింది ఆ ఒక్కదాన్నే."