గోండ్రుకప్ప వెనక్కి ఎందుకు దిగుతుంది

ఒకప్పుడు గోండ్రుకప్ప తల ముందు పెట్టి నేలలోకి దూకేది. మట్టా, ఇసకా, బూడిదా అని చూసుకునేది కాదు. ఏ పక్క కనిపిస్తే అందులో దూరేది. దానికి అంత నమ్మకం.

నమ్మకం ఉంది గాని నా అన్నవాళ్ళు లేరు. ఒంటినిండా బుడిపెలు, ఈత అంతంతమాత్రం. నువ్వేం కప్పవే అని చెరువు కప్పలు తరిమేవి. ఒక ఎండాకాలం అది దారి తప్పి ఉప్పుమళ్ళ దాకా వచ్చిపడింది.

అక్కడ ఎర్నమ్మ అని ఉప్పు పండించే ముసలావిడ ఒక్కతే ఉండేది. ఒక పెళ్ళిలో తోడికోడలు గవరమ్మ ఈవిడ ఆకులో ఉప్పు వెయ్యకుండా వడ్డించింది. ఉప్పుమళ్ళ వాళ్ళకి మర్యాదంటే ముందు ఉప్పే. మర్చిపోయాను అంది గవరమ్మ. ఎలా మర్చిపోతారు? ఎర్నమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అందరూ గవరమ్మ పక్షమేనని పొరుగు గడపలూ మానేసింది.

అలాంటి ఇంటికి ఒక ప్రాణి వచ్చింది. ఎర్నమ్మ దాన్ని అంచు విరిగిన గోలెంలో పెట్టి, నున్నటి గులకరాళ్ళు ఏరి పరిచింది. కప్ప పురుగుని పట్టబోయి రాయి కూడా మింగింది. నానా అవస్థా పడి కక్కింది.

చూసుకుని తినొద్దా అని తిట్టి ఎర్నమ్మ రాళ్ళు తీసేసింది. ఈసారి తనకి తెలిసిన పెద్ద మర్యాద చేసింది. సముద్రపు ఇసక జల్లించి, పైన కొత్త ఉప్పు చల్లింది.

తనకోసం ఇంత తెల్లటి పక్క ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. కప్ప సంబరంగా తల ముందు పెట్టి దూకింది.

కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఒంటితో తాగుతుంది. ఆ ఒంట్లోని నీరంతా ఉప్పు లాగేసింది. కళ్ళు మండిపోయాయి. ఎర్నమ్మ మంచినీళ్ళతో కడిగింది. కానీ మళ్ళీ ఎక్కడ పెట్టాలి? ఆ ఇంటి చుట్టూ ఉప్పు తగలని మట్టి గుప్పెడు లేదు. కప్ప ఎండుటాకులా ముడుచుకుపోయింది.

"నువ్వు మర్యాదే చేశావమ్మా. నా ఒంటికే పడలేదు," అంది.

మెత్తటి పక్క ఒక్కచోటే దొరుకుతుంది. గవరమ్మ కొబ్బరిపీచు కొట్టి తాళ్ళు పేనుతుంది. ఆ ఇంటి వెనక పీచు నుంచి రాలిన మెత్తటి పొట్టు కుప్పలు, పక్కనే మంచినీళ్ళ బావి. వెళ్ళకపోతే కప్ప దక్కదు. ఎర్నమ్మ కప్పని తడిగుడ్డలో చుట్టుకుని వెళ్ళి ఆ గడప ముందు నిలబడింది.

"దారి మర్చిపోయావనుకున్నానక్కా," అంది గవరమ్మ.

"నీకోసం రాలేదు. దీనికోసం వచ్చాను. కాస్త పొట్టు పెట్టు."

గవరమ్మ పొట్టుని బావినీళ్ళలో నానబెట్టి, నీరు కారకుండా తడి మాత్రం మిగిలేలా పిండి ఇచ్చింది. పీచుముక్కలు ఉండిపోయాయని ఎర్నమ్మ అక్కడే వంక పెట్టి, ఒక్కొక్కటే ఏరి పారేసింది. కూర్చోమని గవరమ్మ అనలేదు. అన్నా ఈవిడ కూర్చోదు.

ఇంటికొచ్చి గోలెం కడిగి పొట్టు నింపింది. కప్ప దూకలేదు. వెనక్కి తిరిగి ఒక కాలు ఆనించింది. మండుతుందేమోనని ఆగింది. మండలేదు. రెండో కాలు పెట్టింది. వెనక కాళ్ళతో పొట్టుని పక్కలకి తోస్తూ కొంచెం కొంచెంగా దిగింది. చూపు మాత్రం ఎర్నమ్మ ముఖం మీంచి తియ్యలేదు.

"నా మీద కోపమా?" అని అడిగింది ఎర్నమ్మ.

"కోపం లేదమ్మా. భయం. చూసుకుంటూ దిగుతాను, ఏమీ అనుకోకు."

చివరికి ఆ కళ్ళు కూడా మునిగిపోయాయి. ఎర్నమ్మ దీపాలవేళ దాకా గోలెం పక్కనే కూర్చుంది. పొట్టు కదల్లేదు. కప్ప బతికింది, ఇంట్లోనే ఉంది. మాట్లాడే తోడు మాత్రం లేదు.

అప్పటినుంచే గోండ్రుకప్ప మెత్తటి తడినేల వెతుక్కుని, వెనక కాళ్ళతో తడిమి చూసుకుని, వెనక్కి వెనక్కి దిగి ఒంటరిగా పడుకుంటుంది. ఒళ్ళంతా మట్టిలోకి పోయాక, అన్నిటికన్నా ఆఖరున మూసుకునేవి ఆ రెండు కళ్ళే.