రోజుకి ఎంత అడగాలి

కామేశ్వరి మేడమ్‌ను ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. అమీర్‌పేటలో ఇరవై రెండేళ్లు డేటాబేస్ పాఠాలు చెప్పిన మనిషి. పాఠంలో ఎంత చిక్కు ప్రశ్న అడిగినా నిమిషంలో బోర్డు మీద విప్పి చూపించేవారు. బతుకు గురించి అడిగితే మాత్రం కాసేపు ఊరుకుని, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఒకతను ఉద్యోగం మానేయాలా వద్దా అని అడిగితే, అటకమీది పాత నోట్సులన్నీ కట్టలు కట్టి పాతపేపర్ల కొట్లో ఇచ్చి రమ్మన్నారు. అతను ఉద్యోగం మానలేదు. ఎందుకు మానలేదో మాకెవరికీ చెప్పనూ లేదు.

ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆవిడ కూకట్‌పల్లిలో చిన్న ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. శనివారం పొద్దున పదింటికి పాత శిష్యులం నలుగురైదుగురం అక్కడ చేరతాం. అందరం కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లమే. ఏ కంపెనీకీ ఉద్యోగులం కాము. పని ఉన్నన్నాళ్లు రోజుకి ఇంతని తీసుకుంటాం, అది అయిపోగానే ఇంకో పని వెతుక్కుంటాం. పనులు వరసగా దొరికే కాలంలో ఈ పద్ధతి దర్జాగానే ఉండేది. ఏడాదిన్నరగా ఆ దర్జా లేదు. ఫోన్ మోగితే ఆశగా తీయడం, అవతల క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లని తెలిసి పెట్టేయడం అలవాటైపోయింది.

ఆ శనివారం మిగతావాళ్లు వెళ్లిపోయాక జిలానీ, నేను మిగిలాం. షేక్ జిలానీది నరసరావుపేట. నాకంటే నాలుగేళ్లు పెద్ద, మేడమ్ దగ్గర నాకు ముందు బ్యాచ్. పని బాగా తెలిసినవాడని పేరు. అయిదు నెలలుగా ఖాళీగా ఉన్నాడు. పక్క ఫ్లాట్ల వాళ్లు ఏమైనా అడుగుతారేమోనని, తొమ్మిది కాగానే బ్యాగు తగిలించుకుని బయటపడి, సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుని ఇంటికి చేరుతున్నాడు. ఆ సంగతి అతని భార్యకు తెలుసు, నాకు తెలుసు.

"మేడమ్, ఇలాంటి రోజుల్లో రోజుకి ఎంత అడగాలి?" అన్నాడు జిలానీ. "పాత రేటు చెబితే ఫోన్ పెట్టేస్తున్నారు. తగ్గిస్తూ పోతే ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. ఒక పని వచ్చింది. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి."

ఇంతకుముందు ఎంత తీసుకునేవాడో, ఇప్పుడు ఎంతకు అడుగుతున్నారో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు. మాలో అది అడగకూడని ప్రశ్న. ఒకరింట్లో శుభకార్యానికి ఇంకొకరం వెళతాం, ఒకరు ఆస్పత్రిలో పడితే ఇంకొకరం తోడు కూర్చుంటాం. రేటు మాత్రం చెప్పుకోం. ఎక్కువ తీసుకునేవాడు దిష్టి తగులుతుందని చెప్పడు, తక్కువ తీసుకునేవాడు పరువు పోతుందని చెప్పడు.

మేడమ్ బాత్రూమ్ తలుపు వైపు చూశారు.

"బాత్రూమ్‌లో టైల్స్ ఊడిపోయాయి. మేస్త్రీని తీసుకురావాలి. రేపు పొద్దున ఏడింటికి ఇద్దరూ రండి," అన్నారు.

ఆదివారం నా కారులో ముగ్గురం మూసాపేట వైపు కూలీల అడ్డాకు వెళ్లాం. రోడ్డు పక్కన ఎనభై, తొంభై మంది ఉన్నారు. తాపీ మేస్త్రీలు, పెయింటర్లు, మట్టిపని వాళ్లు, టిఫిన్ డబ్బాలతో ఆడకూలీలు. బండో కారో ఆగితే చాలు, పదిమంది దాని చుట్టూ మూగుతున్నారు. ఎక్కడా కట్టుబడి పనులు సాగడం లేదని, రోజూ సగం మంది పని దొరక్క తిరిగి వెళుతున్నారని దారిలో మేడమ్ చెప్పారు.

ఆవిడకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. పేరు యాదగిరి, యాభై దాటి ఉంటాయి. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నవాడల్లా మేడమ్‌ను చూసి లేచాడు. ఆవిడ పని చెప్పి, ఎంత తీసుకుంటావని అడిగారు.

"ఒక్కదినం పని అమ్మా. పన్నెండొందలు ఇయ్యండ్రి."

"పోయిన దసరాకు పదిహేను వందలు తీసుకున్నావు."

"అప్పుడు పనులుండె. ఇప్పుడు ఈడ పన్నెండొందలే నడుస్తున్నది."

అంతలో జిలానీ కల్పించుకున్నాడు. "పని లేక ఇంతమంది కూర్చున్నారు కదా. ఎనిమిది వందలకు వస్తావా?"

అనేశాక అతని ముఖం మారిపోయింది. సరిగ్గా అదే మాట, అదే ధోరణిలో, శుక్రవారం ఫోనులో తనతో ఎవరో అన్నారట. తర్వాత కారులో చెప్పాడు.

యాదగిరికి కోపం రాలేదు. ఈ బేరం అతను రోజూ వింటున్నదే కాబోలు. "నెలకు పన్నెండు దినాలు దొరికితే ఎక్కువ సార్. తిండి మాత్రం ముప్పై దినాలు తినాలె గద," అన్నాడు.

వెనక నుంచి ఇంకో మేస్త్రీ ముందుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తొమ్మిదొందలకు నేనొస్త," అన్నాడు.

యాదగిరి అటు తిరిగాడు.

"గట్లెట్లంటవ్ నర్సింలూ. ఇయ్యాల నువ్వు తొమ్మిదొందలకు పోతే రేపటిసంది ఈడ అందరికి తొమ్మిదొందలే." ఆ గొంతులో చిరాకు ఉంది.

"నాకు ఇయ్యాల పని కావాలె."

"ఏమైంది?"

"పిల్లకు జరం. మూడు దినాలాయె. దవాఖానకు తీస్కపోవాలె."

యాదగిరి వచ్చేపోయే బస్సుల వైపు చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత మేడమ్‌తో, "ఈయన్ని తీస్కపోండ్రి అమ్మా. పని మంచిగ చేస్తడు. పన్నెండొందలు ఇయ్యండ్రి," అన్నాడు. చేతికొచ్చిన పని పోగొట్టుకున్నావని పక్కనున్నాయన గొణుగుతుండగానే వెళ్లి మళ్లీ బకెట్ మీద కూర్చున్నాడు. అప్పటికి ఏడున్నర దాటింది. ఎనిమిదిన్నర తర్వాత అక్కడికి పని ఇచ్చేవాళ్లు రావడం తక్కువ. మేము కారెక్కి తిరిగి చూసినప్పుడు కూడా అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

ఇంటికొచ్చాక నర్సింలు బాత్రూమ్‌లో పాత సిమెంటు కొట్టడం మొదలుపెట్టాడు. ఉలి దెబ్బలు గోడల్లోంచి వినిపిస్తున్నాయి. మేడమ్ టీ పెట్టి ఇచ్చారు. మేమిద్దరం హాల్లో కూర్చున్నాం. జిలానీ గ్లాసు పట్టుకుని నన్ను చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను పదమూడు వేలు తీసుకునేవాణ్ణి సుధీంద్రా. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడొచ్చింది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పని. పాత పాలసీల డేటా అంతా కొత్త సిస్టంలోకి మార్చాలి. ఆరు నెలలు. పని ఇప్పించే ఏజెన్సీ అమ్మాయి ఆరున్నర వేలకు అడిగింది, సరే అన్నాను. శుక్రవారం సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. మార్కెట్‌లో ఎంతోమంది ఖాళీగా ఉన్నారు కదా సార్, ఒకాయన ఆరుకే రెడీగా ఉన్నారు, మీరు అయిదున్నరకు దిగితే మీకే ఇప్పిస్తాను అంది. ఇంట్లో చెప్పలేదు. అయిదున్నరకు ఒప్పుకుందామనే అనుకుంటున్నాను."

నా గ్లాసులో టీ చల్లారిపోయింది. ఆ కంపెనీ నాకు తెలుసు. ఆ పని తెలుసు. ఆ అమ్మాయి గొంతు కూడా తెలుసు. గురువారం ఆమె నాకు ఫోన్ చేసి, ఒక సీనియర్ ఆరున్నరకు సిద్ధంగా ఉన్నాడని చెప్పింది. ఆ సీనియర్ ఎవరని నేను అడగలేదు. అడగాలని తోచనూ లేదు. ఎవరో ఒకడు, నా దారికి అడ్డంగా ఉన్నవాడు, అనుకున్నానంతే. గంట కూడా ఆగకుండా ఆరు చెప్పేశాను.

"జిలానీ భాయ్, ఆ ఒకాయన నేనే," అన్నాను.

అతను తలెత్తి చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు ఎంత తీసుకునేవాడివి?" అని అడిగాడు.

"పదకొండు."

వంటింటి గుమ్మంలో నిలబడి మేడమ్ ఇదంతా విన్నారు. ఇంకో గ్లాసులో టీ పోసుకుని నర్సింలుకు ఇవ్వడానికి లోపలికి వెళ్లారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఈ మందకొడి రోజుల్లో ఏడాదికి ఎన్ని రోజుల పని దొరుకుతుందో నిజాయితీగా చెప్పుకుంటే, ఇద్దరి లెక్కా నూట నలభై దగ్గర ఆగింది. మంచి రోజుల్లో రెండు వందల ఇరవై ఉండేది. పదమూడు, పదకొండు ఇక రావని ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ముఖ్యంగా జిలానీకి. పాత రేటు వదులుకోవడమంటే తను నేర్చిన పనేదో వదులుకున్నట్టుందన్నాడు. కానీ ఆరుకో అయిదున్నరకో ఒప్పుకుంటే, ఏడాది మీద పంచితే నెలకు డెబ్బై వేలు దాటదు, ఇంటి లోను కట్టాక చేతులు ఖాళీ. పన్ను, ఇంట్లోవాళ్ల మందులు, ఖాళీ నెలలు అన్నీ కలుపుకుంటే తొమ్మిది వేలకు కిందికి దిగడం కుదరదని తేలింది. తొమ్మిదిలో గొప్పేమీ లేదు. ఇద్దరం దాన్ని కాసేపు చూసి కాగితం మడిచాం.

సాయంత్రం నర్సింలు పని ముగించి, చేతులు కడుక్కుని, పన్నెండు వందలు తీసుకుని తొందరగా వెళ్లిపోయాడు. టైల్స్ వరసగా, చక్కగా కూర్చున్నాయి.

సోమవారం జిలానీ పదింటికి, నేను పదకొండింటికి ఆ అమ్మాయికి ఫోన్ చేసి తొమ్మిది వేలని చెప్పాం. నా మాట విని ఆమె నీరసంగా నవ్వింది.

"ఇద్దరూ ఒకే రేటు చెబుతున్నారేంటి సార్?"

"ఇద్దరం మాట్లాడుకున్నాం."

"మీకేం సార్, మీరు మాట్లాడుకుంటారు. నెలాఖరుకు టార్గెట్ చేరకపోతే నా ఉద్యోగం ఉండదు. సరే, అడిగి చెప్తాను."

బుధవారం ఆమే మళ్లీ ఫోన్ చేసింది. అయిదు వేలకు ఇంకొకరు దొరికారని, ఆ పని ఆయనకు ఖాయమైపోయిందని చెప్పింది. ఎప్పుడైనా ఇంకేదైనా ఉంటే చెప్తానంది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో కొంచెం సిగ్గు వినిపించింది, లేక నాకలా అనిపించిందో.

తర్వాత రెండు నెలలకు జిలానీకి ఒక మందుల కంపెనీలో వారానికి మూడు రోజుల పని దొరికింది, తొమ్మిది వేలకే. నాకు ఇంకా ఆలస్యమైంది. కానీ ఆ వారం అదేమీ తెలియదు. తెలిసిందల్లా ఇద్దరికీ పని పోయిందని. బుధవారం సాయంత్రం నా భార్య ఇందు ఏమైందని అడిగితే, ఉన్న సంగతి చెప్పాను. ఆరుకి ఒప్పుకుని ఉన్నప్పుడు ఒక్క మాట తనతో చెప్పలేదని, ఇప్పుడు కాదన్నాక చెబుతున్నానని అంది. పెరుగన్నం తిని పడుకున్నాం.

శనివారం మేడమ్ ఇంటికి వెళ్లేటప్పటికి నాలో కోపం బాగా పేరుకుపోయి ఉంది. ఎవరి మీదో తెలియని కోపం. మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి, జిలానీ ఎదురుగానే అనేశాను.

"మేడమ్, పోయిన ఆదివారం మేమిద్దరం నోరు విప్పకుండా ఉంటే, ఇద్దరిలో ఒకరికైనా పని ఉండేది."

జిలానీ కిటికీ వైపు తిరిగాడు. ఆ వారమంతా అతను బ్యాగు తగిలించుకుని బయటికి పోలేదని, పక్క ఫ్లాట్ ఆయన అడిగితే ఖాళీగా ఉన్నానని చెప్పాడని నాకు తెలుసు. దానివల్ల ఇల్లు గడవదు కదా అనిపించింది.

"ఉండేది," అన్నారు మేడమ్.

ఇంకేదో అంటారని చూశాను. ఆవిడ లేచి, ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెట్టుకున్నారు. వంటింట్లోకి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఆ అయిదు వేల ఆయన ఎవరో కనుక్కోండి. వచ్చే శనివారం ఇక్కడికి రమ్మనండి."