గట్టమ్మ తలుపు వేసుకుంది

అనగా అనగా, రాజులూ కోటలూ లేని చోట, ఒక పంట కాలువ. ఆ కాలువ గట్టులో బొరియ చేసుకుని ఒక పీత ఉండేది. దాని పేరు గట్టమ్మ.

పేరుకు తగ్గట్టే గట్టిది. చేపపిల్ల నాచులో చిక్కుకుంటే, పట్టకారుల్లాంటి చేతులతో నాచు తెంచి విడిపించేది. కొంగ వస్తే ఆ చేతులే ఎత్తి చూపించేది. కొంగ తన సన్నటి కాళ్లు ఒకసారి చూసుకుని వెనక్కి తగ్గేవాడు. అందుకే ఎవరికి ఏ కష్టమొచ్చినా "గట్టమ్మక్కా!" అనే కేక.

ఒకరోజు పొద్దున్నే చూస్తే గట్టమ్మ బొరియ మూసి ఉంది. లోపలినుంచి మట్టి మెత్తి ఉంది.

ఎందుకో చెబుతాను, మన మధ్యే ఉండనివ్వండి. పీత పెరగాలంటే పాత పెంకు విడిచెయ్యాలి. కొత్తది గట్టిపడేదాకా ఒళ్లు వెన్నముద్ద. ఆ కొన్నాళ్లూ ఎవరి కంటా పడకూడదు. కొంగ కంట పడిందా, ఒక్క గుటక!

మొదట బోదురుకప్ప వచ్చాడు.

"అక్కా, లోపల ఏం చేస్తున్నావు?"

"కొంచెం పనుంది తమ్ముడూ. తర్వాత రా."

"ఏం పని?"

గట్టమ్మ తలుపుకు ఇంకాస్త మట్టి మెత్తింది. కప్ప నోట్లో మాట ఆగుతుందా? మధ్యాహ్నానికల్లా కాలువంతా ఒకటే మాట. గట్టమ్మ ఏదో దాస్తోందట!

తర్వాత బాతు వచ్చింది. "నాక్కూడా చెప్పవా వదినా? నేనంత పరాయిదాన్నయ్యానా?" అని గుమ్మం దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

గట్టమ్మకు జాలేసింది. చెప్పేద్దామనీ అనిపించింది. కానీ బాతు వెనక ఎవరెవరు నిలబడి వింటున్నారో ఎలా తెలుస్తుంది? "నన్నిలా ఉండనివ్వు వదినా. నీ మీద కోపం కాదు" అంది. బాతు మెడ తిప్పుకుని వెళ్లిపోయింది.

మూడోసారి కొంగే వచ్చాడు. తెల్లబట్టలు కట్టుకున్న పెద్దమనిషిలా రాయి మీద నిలబడి, అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడండర్రా, నేను న్యాయం మాట్లాడతాను. తప్పు చెయ్యనివాళ్లకు తలుపెందుకు? తెరిచి చూపించమనండి. ఆవిడకు మొహమాటమైతే నేనే ముక్కుతో తీసిపెడతాను, పుణ్యానికి!"

"అవునవును" అన్నారందరూ. లోపల గట్టమ్మ గోడకు ఒదిగింది. అరిస్తే గుట్టు బయటపడుతుంది, ఊరుకుంటే తలుపు ఊడుతుంది.

అప్పుడు ఒక నత్త వచ్చి తలుపుకు అడ్డంగా కూర్చుంది. రావడానికి చాలాసేపే పట్టింది లెండి!

"ఆవిడ లోపల ఏం చేస్తోందో నాకు తెలీదు, అడగనూ లేదు. ముందు మీ సంగతి చెప్పండి. బోదురయ్యా, ఎండాకాలమంతా మట్టి కింద దూరి పడుకున్నావే, ఆ చోటు చూపించు."

కప్ప కొంగ వైపు చూసి నీళ్లు నమిలాడు. "అదీ... ఇప్పుడెందుకులే."

"బాతమ్మా, గుడ్లు ఏ తుంగలో పెట్టావు?"

"నీ నోరు పడిపోను! మెల్లగా!" అని బాతు రెక్కలు టపటపలాడించింది.

"సరే, కొంగయ్యా. న్యాయం మాట్లాడేవాడివి నువ్వు. రెక్కలో తల దాచుకుని ఏ కొమ్మ మీద నిద్రపోతావో చెప్పు. అడవిపిల్లికి కూడా వినబడేలా చెప్పు."

కొంగ మెడ సగానికి సగం కుంచించుకుపోయింది. "నేనెక్కడ పడుకుంటే మీకెందుకు?"

"ఆవిడ మాటా అదే" అంది నత్త.

తర్వాత బాతు లేచి వచ్చి నత్త పక్కన కూర్చుంది. కప్ప సిగ్గుపడుతూ ఇంకో పక్కకు చేరాడు. ఇక అక్కడ పనేమీ లేదని కొంగ ఎగిరిపోయాడు.

కొన్నాళ్లకు మట్టి తలుపు తెరుచుకుంది. గట్టమ్మ బయటికొచ్చింది. కాస్త పెద్దదైంది, మునుపటికన్నా గట్టిదైంది.

కప్పకు ప్రశ్న గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాడు. మింగేశాడు.

"ఆకలేస్తోందా అక్కా?" అన్నాడు.

"చాలా ఆకలిగా ఉంది తమ్ముడూ" అంది గట్టమ్మ.

ఆమె ఏమీ చెప్పలేదు. వాళ్లు అడగలేదు.

నీతి: తలుపు వేసుకుని మెత్తగా ఉండే చోటు ప్రతివాళ్లకూ కావాలి, బయట గట్టిగా నిలబడే బలం అక్కడే పుడుతుంది, అయినవాళ్లు ఆ తలుపుకు కాపలా ఉండాలి.