పళ్ళెంలో ఎర్రబడిన నీళ్ళు

"అయ్యవారూ, మీలాగా కాళ్ళకు ఏ బాధా తెలియకుండా పోవాలంటే ఎన్నేళ్ళు సాధన చెయ్యాలి?" అని అడిగినవాణ్ణి నేనే. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఆశ్రమంలో తెలివితక్కువ ప్రశ్నలన్నీ నా వంతు.

నాకు ఇరవై రెండేళ్ళుగా షుగరు. బస్సు కండక్టరుగా రిటైరయ్యేనాటికి అది కాళ్ళలోకి దిగింది. అరికాళ్ళకు కారం రాసినట్టు మంట. పంచె అంచు తగిలినా తేలు కుట్టినట్టుంటుంది. ప్రసాదంలోని బెల్లం లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్న మేధావిని కూడా. 'ఈ దేహం నేను కాదు' అన్న పాఠం నోటికి వచ్చింది గాని కాళ్ళకు రాలేదు.

అయ్యవారు వేదాద్రయ్యగారిదీ షుగరే, నాకంటే పదేళ్ళు పాతది. అయినా మిట్టమధ్యాహ్నం ముంగిట బండల మీద మేమంతా ఎగిరెగిరి పడుతుంటే, ఆయన చెప్పుల్లేకుండా తీరిగ్గా నడిచి వచ్చేవారు. అది వైరాగ్యమని కొత్తవాళ్ళకు వివరించే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఆ వైరాగ్యం నాకూ కాస్త అంటితే చాలు, ఇక మందులెందుకు? మాత్రలన్నీ ఆ రోజే కృష్ణలో కలిపేద్దామని జేబులో వేసుకుని మరీ వెళ్ళాను.

ఆయన నా ప్రశ్న విని పీట మీద కూర్చున్నారు. "గురుపౌర్ణమి కదా, ఇవాళ కాళ్ళు నువ్వే కడుగు" అన్నారు.

ఇత్తడి పళ్ళెంలో ఆయన పాదాలు పెట్టించి పసుపునీళ్ళు పోశాను. నీళ్ళు మెల్లగా ఎర్రబడ్డాయి. వెనకనుంచి సాటి భక్తురాలు మాణిక్యాంబగారు, "సున్నం కలపకుండానే పారాణి అయింది, చూశారా! నాకో ఉద్ధరిణెడు పొయ్యి నాయనా, నెత్తిన చల్లుకుంటాను" అని చెయ్యి చాచింది. ఆమెను చూసి నవ్వడానికి నాకు మొహం లేదు. ఈ మహిమను రేపు కొత్తవాళ్ళకు ఎలా వర్ణించాలో నేనప్పటికే మాటలు కూర్చుకుంటున్నాను.

అంతలో మడమ కింద తోముతున్న నా వేలికి ఏదో చురుక్కున గీరుకుంది. "అమ్మా!" అని అరిచాను.

మంత్రాలు ఆగిపోయాయి. "ఏమైందిరా?" అన్నారు అయ్యవారు.

"మేకు, అయ్యవారూ. పొద్దున షామియానా వేసినవాళ్ళది. మీ మడమలో ఉంది."

ఆయన వంగి, పక్కవాడి కాలు చూసినట్టు చూసుకున్నారు. "ఎప్పుడు దిగింది?" అని నన్నే అడిగారు.

డాక్టరు వచ్చి మేకు తీసి, ఇంజెక్షను ఇచ్చి, కట్టు కట్టాడు. నొప్పి తెలియని ఆ పాదం పుండైతే ఎక్కడిదాకా పోతుందో వేలితో మోకాలిదాకా గీసి చూపించి, మమ్మల్ని ఒక్క మాటా అనకుండా తిట్టి వెళ్ళాడు. మాణిక్యాంబగారు మాత్రం పళ్ళెం పట్టుకుని, ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తోచక చాలాసేపు నిలబడింది.

అందరూ భోజనాలకు వెళ్ళాక అయ్యవారి దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. నిలబడీ నిలబడీ నా కాళ్ళు భగ్గుమంటున్నాయి.

"జేబులో అవేమిటి?" అన్నారు.

"మాత్రలు, అయ్యవారూ."

"వేసుకో." చెంబు నా వైపు జరిపారు. నేను మింగేదాకా చూసి, కట్టు కట్టిన కాలు వైపు తిరిగారు. "ఈ కాళ్ళు నాతో మాట్లాడటం మానేసి ఆరేళ్ళయింది, భీమేశం. నీవేమంటున్నాయి ఇవాళ?"