పాలరెక్క తలకు అంటిన మట్టి

ఒకప్పుడు చిన్నకొంగలన్నీ తల నుంచి తోక దాకా తెల్లగానే ఉండేవి. ఆ తెలుపంటే వాటికి ఎంత గీరో! పొద్దున్నే ముక్కుతో ఈకలు దువ్వుకోవడం, నీళ్ళలో నీడ చూసుకుని మురిసిపోవడం, ఇదే పని. పైగా వాటికో కట్టుబాటు. ఒంటికి మట్టి అంటిన కొంగ గూటిచెట్టు ఎక్కకూడదు.

ఆ గుంపులో పాలరెక్క అనే కొంగపిల్లకు కాటుక అనే గేదె అంటే ప్రాణం. రెక్కలు రాకముందు గూట్లోంచి జారిపడితే, కుక్కలు రాకుండా కాటుకే అడ్డం నిలబడింది. అప్పట్నుంచీ "అత్తా, అత్తా" అంటూ దాని చుట్టూనే తిరిగేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులో నీళ్ళు ఇంకి బురద మిగిలింది. నిండు చూలుతో ఉన్న కాటుక చల్లగా ఉంటుందని అందులో దిగింది. కాళ్ళు కూరుకుపోయి మళ్ళీ పైకి రాలేకపోయింది. మంద కాసేపు అరిచి, చేసేదేం లేక నీళ్ళు వెతుక్కుంటూ ఏటివైపు వెళ్ళిపోయింది.

గట్టుమీద కాకులు చేరాయి.

"అది కదల్లేదుగా! ముందు కళ్ళు పొడుద్దాం," అంది ఒక కాకి.

పాలరెక్క ఆ మాట వింది. రివ్వున వచ్చి కాటుక వీపుమీద వాలింది. దగ్గరికొచ్చిన కాకినల్లా పొడిచి తరిమింది.

పాలరెక్క వాళ్ళమ్మ ఎగిరొచ్చింది. గుంపుకి పెద్ద ఆవిడే.

"ఒసేయ్, దిగవే! ఆ బురద అంటితే నిన్ను గూటికి రానివ్వరు. రావద్దని నా నోటితో నేనే చెప్పాలి."

"నేను కదిలితే అత్త కళ్ళు పోతాయమ్మా."

"వానొచ్చేదాకా అది బతకొద్దూ?"

"బతికినన్నాళ్ళూ ఉంటాను."

తల్లి ఏడుస్తూ వెళ్ళిపోయింది.

"నువ్వూ పో తల్లీ. ఇక్కడ నీకు చేపలు కూడా లేవు," అంది కాటుక.

"నీ మీద జోరీగలున్నాయిగా అత్తా!" అని పాలరెక్క ఒకదాన్ని మింగి మొహం చిట్లించింది. అప్పటిదాకా కొంగలు ఈగను ముట్టి ఎరగవు మరి. అంత బాధలోనూ కాటుక నవ్వింది.

నిద్రొస్తే పాలరెక్క ఆ బురద వీపుకే తల ఆనించేది. చప్పుడైతే లేచి కాకుల్ని తరిమేది. చిక్కి సగమైంది గానీ కదల్లేదు.

చివరికి వాన కురిసింది. బురద పలచబడింది. కాటుక కాళ్ళు పెరుక్కుని ఒడ్డెక్కి, అక్కడే ఈనింది.

"ఇదెవరమ్మా?" అంది దూడ, వణుకుతూ నిలబడి.

"నా వెన్నంటి ఉన్న పిల్ల."

"వెన్నంటి ఉండటమంటే?"

కాటుక దూడను నాకుతూ, "పోవడానికి రెక్కలుండీ పోకపోవడం," అంది.

'వెన్నంటి' అన్న ఆ మాట పశువుల కాపర్ల పాటల్లోకి, కవుల పద్యాల్లోకి అలాగే వెళ్ళింది.

వాన పాలరెక్కను కడిగింది. తలమీద, మెడమీద, వీపుమీద మాత్రం మట్టిరంగు వదల్లేదు. అది గూటిచెట్టు కింద నిలబడి, "నేను ఎక్కనులే. అమ్మను ఒక్కసారి చూసి పోదామని వచ్చాను," అంది.

కొంగలన్నీ తల్లి వైపు చూశాయి. ఆవిడ ఏం చెబుతుందోనని పాలరెక్క తల దించుకుంది.

తల్లి కిందికి దిగింది. కూతురి తలను, బక్కచిక్కిన మెడను చూసింది. ఎగిరి, కాటుక వీపుమీద వాలి, తన తెల్లని తలను ఆ తడి బురదకు ఆనించింది. తిరిగొచ్చి కూతురి పక్కన నిలబడింది.

"ఇప్పుడు ఇద్దర్నీ వెళ్ళగొట్టండి," అంది.

చెట్టుమీంచి ఒక కొంగ లేచింది, దాని వెనక ఇంకొకటి. అన్నీ కాటుక వైపే ఎగిరాయి.

అప్పటినుంచే వానాకాలం రాగానే చిన్నకొంగల తలకు, మెడకు, వీపుకు మట్టిరంగు వస్తుంది. అప్పటినుంచే గేదె ఎక్కడ మేస్తుంటే అక్కడ, దాని వీపుమీదో పక్కనో, ఒక కొంగ ఉంటుంది.