గోడ అవతలి బిందె

ఒకామె పాత ఇల్లు కొనుక్కుంది. పంతొమ్మిది అద్దె ఇళ్ళు మారాక, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాక కొనుక్కుంది. గోడకి మేకు కొట్టొద్దు, నీళ్ళు ఎక్కువ వాడొద్దు, చుట్టాలొస్తే ముందే చెప్పాలి అనే మాటలు విని విని విసిగిపోయింది. ఆమెకున్న కోరిక ఒక్కటే. సొంత నేల మీద, కింద చాప కూడా లేకుండా, ఓ మధ్యాహ్నం పూట వెల్లకిలా పడుకోవాలి. లెమ్మనేవాళ్ళు ఉండకూడదు. నవ్వకండి, ఆ ఆశ ఎంతటిదో లేనివాళ్ళకే తెలుస్తుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. చేరిన నెలకే వెనక గదిలో, గోడ వారగా నేల పైకి లేవడం మొదలెట్టింది. గట్టి కాంక్రీటు నేల, పూరీ పొంగినట్టు పొంగింది. ముందు మంచం ఊగింది. తర్వాత దొడ్డి తలుపు నేలకి పట్టేసింది. ఆ తర్వాత గోడలో వెంట్రుకంత చీలిక కనబడింది. ఈ గోడ పడిందంటే మళ్ళీ ఇరవయ్యో అద్దె ఇల్లు వెతుక్కోవడమే.

సలహాలకేం కొదవ? కుళాయిలు బాగుచేసేవాడు వచ్చి, "గొట్టం పగిలిందమ్మా" అన్నాడు. ఆ గది కింద అసలు గొట్టమే లేదు. పక్కింటాయన వచ్చి, "కింద లంకెబిందెలుంటాయి, నాకు చెప్పకుండా తవ్వకండి" అన్నాడు. ఆయన ఆశ ఆయనది. చివరికి ఒక ముసలి తాపీమేస్త్రి వచ్చాడు. మాట తక్కువ మనిషి. నేలంతా కర్రతో తట్టి విన్నాడు. చీలిక కింద నేల పగిలిన చోట కాస్త మట్టి గీకి చేతిలో ఉండ చేసి చూశాడు. నాలుగు గాజుగ్లాసులు అడిగి నాలుగు చోట్ల బోర్లించి, "రేపొస్తా, కదపమాకమ్మా" అని వెళ్ళిపోయాడు.

మర్నాటికి మూడు గ్లాసులు పొడిగానే ఉన్నాయి. వెనక గోడ దగ్గరి గ్లాసు లోపల మాత్రం ఆవిరి పట్టి చెమ్మ బొట్లు కడుతోంది.

"ఇది నల్లరేగడమ్మా," అన్నాడు మేస్త్రి. "నీళ్ళు తాగితే లేస్తది, ఆరితే దిగుద్ది. వానలు లేవు, గొట్టం లేదు. అయినా రోజూ తాగతా ఉంది. గోడ అవతలేముంది?"

"సందు."

"అయితే సందులోంచి ఎవరో పోస్తన్నారు. ఇట్టాగే పోస్తే ఈ ఏడు గోడ పడిపోద్ది. ముందు ఆళ్ళని పట్టుకో."

ఎవరో కావాలనే చేస్తున్నారని ఆమెకి ఒళ్ళు మండింది. మర్నాడు తెల్లవారుతుండగా సందు మలుపులో నిలబడి కాపు కాసింది. వచ్చింది ఎవరో కాదు, ఆ ఇల్లు తనకి అమ్మిన ముసలామే. చంకలో నిండు బిందె. గోడ మొదట్లో కూర్చుని, పసివాడికి తలంటు పోస్తున్నట్టు చెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా నీళ్ళు పోసింది.

"ఏమిటండీ ఈ పని? ఇల్లు అమ్మేశారుగా! నా గోడ కూల్చి ఏం బావుకుంటారు?" అంటూ కొన్నామె నోరు చేసుకుంది.

ముసలామె బిత్తరపోయి లేచింది. "గోడ కూలుద్దా? అయ్యో నా తల్లీ, నాకు తెలవదే!" కాసేపటికి తేరుకుని చెప్పింది. "ఆ గది ఒకప్పుడు పెరడమ్మా. నా కొడుకు పుట్టినప్పుడు బొడ్డుతాడుతో వచ్చిన మాయ అక్కడే పూడ్చాం. దాని మీదే పీటేసి వాడికి నీళ్ళు పోశా. తొమ్మిదో ఏట తిరనాళ్ళలో తప్పిపోయాడు. ఎక్కడున్నాడో, దాహమంటే ఎవరిస్తన్నారో! మాయ పూడ్చిన చోటు తడారితే బిడ్డకి నోరెండుద్దని మా అత్త అనేది. అందుకే పెరడు గది చేసినా, నేలలో జానెడు కంత వదిలించి రోజూ ఓ చెంబెడు పోసేదాన్ని. కంతుంటే ఎవరూ కొనరని, అమ్మేటప్పుడు బేరం కుదిర్చినాయన సిమెంటు పెట్టి పూడ్పించాడు."

"చెంబెడన్నారు. మరి ఈ బిందె ఏంటి?"

"బయట నుంచి పోస్తే లోపలిదాకా చేరాలి కదమ్మా."

కొన్నామె ఖాళీ బిందె వైపు చూసింది. అయినా ఇల్లు ఇల్లే కదా. "ఇక పోయకండి" అంది. ముసలామె తలూపి, ఖాళీ బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

నేల ఆరింది. రెండు నెలలకి మేస్త్రి వచ్చి రసమట్టం పెట్టి చూశాడు. గాజులో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. "దిగిందమ్మా, గండం గడిచింది" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె చాప లేకుండా పడుకుంది. నేల చల్లగా ఉంది. ఎవరూ లెమ్మనలేదు. ఇన్నేళ్ళ కోరిక తీరింది, కానీ కంటి మీదికి కునుకు రాలేదు.

ఎలా వస్తుంది? రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూస్తూనే ఉంది. ముసలామె రావడం మానలేదు. నిండు బిందెతో వస్తుంది, గోడ దగ్గర కాసేపు నిలబడుతుంది, నిండు బిందెతోనే తిరిగి వెళ్తుంది. ఒక్క చుక్క పోయదు. మాటిచ్చింది మరి! పోసినా బావుండేది, నాలుగు మాటలు అనడానికైనా ఉండేది.

పది రోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు మేస్త్రిని పిలిపించి, "ఆ కంత మళ్ళీ తెరువు" అంది.

మేస్త్రి నొచ్చుకున్నాడు. "ఇప్పుడిప్పుడే నేల దారికొచ్చింది కదమ్మా! చెంబెడు నీళ్ళకి భయం లేదనుకో. పైన మూత లేకపోతే మట్టి ఉబ్బినా ఉబ్బి ఊరుకుంటది. కానీ గది ఇంక గదిలా ఉండదు."

"పోనీలే, కొట్టు" అంది ఆమె.

మర్నాడు సందులోకి వెళ్ళి, "బిందె వద్దు, చెంబు చాలు. లోపలికి రండి" అని పిలిచింది. ముసలామె ముందు నమ్మలేదు. బిందె వాకిట్లో దించి, పరాయి ఇంటికి వచ్చినట్టు కాళ్ళు కడుక్కుని మరీ గడప దాటింది. జానెడు నల్లమట్టి ముందు కూర్చుని చెంబెడు నీళ్ళూ పోసింది. మట్టి గుటకలేస్తున్నట్టు చప్పుడు చేస్తూ తాగేసింది.

ఆ తర్వాత ముసలామె అడిగింది. "నీ మాయ ఎక్కడ పూడ్చారమ్మా?"

కొన్నామె పుట్టింది కూడా అద్దె ఇంట్లోనే. పెరట్లో తవ్వడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోలేదని అమ్మ ఎప్పుడో అంది. మరి ఎక్కడ పారేశారో అప్పుడు తను అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు అమ్మ లేదు.

"తెలియదండీ" అంది.

ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచి, వాకిట్లోకి వెళ్ళి, బిందెలోంచి ఇంకో చెంబు ముంచుకొచ్చింది. మళ్ళీ కూర్చుని, అదే మట్టిలో పోసింది.